తెరపై దారి తప్పిన తమ్ముడు.. తెర వెలుపల అక్షర తపస్వి

తెలుగువారి గుండెల్లో మోగిన ‘కంచు కంఠం’ జగ్గయ్య

తెనాలి: ఒకే జమీందారు లోగిలిలో పెరిగిన ఇద్దరు అన్నదమ్ములు. అన్న లోకజ్ఞానం తెలియని అమాయకుడు. తమ్ముడు గారాబంతో చెడిన అహంకారి. ఆ ఇద్దరి మధ్య కోడలిగా అడుగుపెట్టిన ఇల్లాలు ఆ ఇంటి తలరాతనే మార్చింది. 1955లో విడుదలైన ‘అర్ధాంగి’ చిత్రకథ ఇది. అన్నగా నటించిన అక్కినేని నాగేశ్వరరావు అప్పటికే తెలుగునాట పేరు మోసిన కథానాయకుడు. తమ్ముడిగా నటించిన యువకుడు మాత్రం అంతకు కొద్దికాలం ముందే వెండితెరకు వచ్చినవాడు. అతడే తెనాలి సమీపంలోని మోరంపూడికి చెందిన కొంగర జగ్గయ్య. తెర మీద దురుసు తమ్ముడిగా ప్రేక్షకుల కోపానికి పాత్రుడైన ఆయన, నిజజీవితంలో చిత్రకళ, రంగస్థలం, ఆకాశవాణి, సాహిత్యం, రాజకీయం అనే అయిదు రంగాల్లోనూ తనదైన ముద్ర వేసిన విద్వాంసుడు. ప్రథమ స్థానం కోసం పోటీపడకుండా మరొకరి పక్కన నిలబడి పనికి నిండుదనం తెచ్చిన అరుదైన కళాకారుడు.

మోరంపూడి ముద్దుబిడ్డ

జగ్గయ్య 1920ల ద్వితీయార్ధంలో ఒక డిసెంబరు 31న మోరంపూడిలో సీతారామయ్య, రాజ్యలక్ష్మమ్మ దంపతులకు జన్మించారు. కృష్ణా కాలువల నీటితో పచ్చగా ఉండే ప్రాంతం అది. వ్యవసాయం ఎంత బలంగా ఉండేదో, నాటకం పట్ల మోజు కూడా అంతే బలంగా ఉండేది. ‘ఆంధ్రా ప్యారిస్’గా పేరుపొందిన తెనాలి పట్టణం చేరువలోనే ఉండటంతో కళల గాలి ఆ బాలుడికి చిన్నతనంలోనే సోకింది.

పదకొండేళ్ల ప్రాయంలోనే ముఖానికి రంగు వేసుకున్నారు. బెంగాలీ నాటకకర్త ద్విజేంద్రలాల్ రాయ్ రచించిన ‘సీత’ను హిందీలో ప్రదర్శించగా, అందులో లవుడి పాత్ర ధరించారు. మాతృభాష కాని భాషలో సంభాషణలు చెప్పి మెప్పించడం ఆ వయసులో చిన్న విషయం కాదు. ఆనాడు అడుగుపెట్టిన వంగసాహిత్యపు వాకిలిని ఆయన జీవితాంతం విడిచిపెట్టలేదు.

బొమ్మలు వేయడంలోనూ ఆసక్తి మెండు. ప్రముఖ రచయిత, చిత్రకారుడు అడవి బాపిరాజు వద్ద చిత్రకళలో మెలకువలు నేర్చుకున్నారు. విద్యార్థి దశలోనే స్వాతంత్ర్యోద్యమ ప్రభావానికి లోనయ్యారు. సోషలిస్టు భావాలు అప్పుడే మనసులో నాటుకున్నాయి. కొంతకాలం దుగ్గిరాలలో ఉపాధ్యాయుడిగా పనిచేశారు. గుంటూరు ఏసీ కళాశాలలో చదువుకునే రోజుల్లో నందమూరి తారక రామారావు ఆయనకు సమకాలికుడు. భవిష్యత్తులో తెలుగు చిత్రసీమను ఏలిన ఎన్టీఆర్, ఆ సీమకే గంభీర స్వరమై నిలిచిన జగ్గయ్య ఒకే ఆవరణలో నాటకాల పట్ల మక్కువ పెంచుకోవడం గుంటూరు గడ్డకు గర్వకారణం.

వార్తలు చదివిన గొంతు

చదువు ముగిశాక జగ్గయ్యకు ఢిల్లీ ఆకాశవాణిలో తెలుగు వార్తలు చదివే ఉద్యోగం లభించింది. సుమారు మూడేళ్లపాటు ఆ కొలువులో ఉన్నారు. టెలివిజన్ లేని కాలం. పత్రిక పల్లెకు చేరేసరికి ఆలస్యమయ్యే కాలం. దేశంలో ఏం జరుగుతున్నదో తెలుసుకోవాలంటే పంచాయతీ రేడియో వద్ద చేరి చెవులు రిక్కించి వినవలసిందే. మనిషి కనిపించడు, మాట మాత్రమే వినిపిస్తుంది. పదం తడబడినా, ఒత్తు జారినా వినేవాడికి అర్థం మారిపోతుంది. ముఖకవళికల సాయం లేకుండా కేవలం ఉచ్చారణతో భావాన్ని అందించే సాధన ఆయనకు అక్కడే అబ్బింది. ఏ అక్షరాన్నీ మింగకుండా, ఏ మాటనూ సాగదీయకుండా పలికే జగ్గయ్య తీరుకు పునాది పడింది ఆకాశవాణి గదిలోనే.

తొలి చిత్రంతో నిరాశ

స్థిరమైన ఉద్యోగాన్ని వదులుకుని చిత్రసీమ వైపు అడుగులు వేయడం ఆ రోజుల్లో సాహసమే. త్రిపురనేని గోపీచంద్ దర్శకత్వంలో 1952లో వచ్చిన ‘ప్రియురాలు’తో జగ్గయ్య వెండితెరకు పరిచయమయ్యారు. గోపీచంద్ కుటుంబానికీ తెనాలికీ గాఢమైన అనుబంధం. ఆయన తండ్రి, కవిరాజు త్రిపురనేని రామస్వామి చౌదరి తెనాలి పురపాలక సంఘం అధ్యక్షుడిగా పనిచేశారు. పట్టణంలోని వారి నివాసం సూతాశ్రమం సాహితీపరులకు చిరపరిచితం. అయితే సాహిత్య బలం ఎంత ఉన్నా ‘ప్రియురాలు’ ప్రేక్షకాదరణకు నోచుకోలేదు. ఉద్యోగం వదులుకుని వచ్చిన యువకుడికి అది గట్టి దెబ్బే. నిలదొక్కుకోవడానికి మరో మూడేళ్లు పట్టింది.

1955వ సంవత్సరం ఆయన జాతకాన్ని మార్చింది. బి.ఎన్.రెడ్డి తీసిన ‘బంగారు పాప’, పి.పుల్లయ్య తీసిన ‘అర్ధాంగి’ ఆ ఏడాదే విడుదలయ్యాయి. ‘బంగారు పాప’కు ఆంగ్ల రచయిత్రి జార్జ్ ఎలియట్ నవల ‘సైలాస్ మార్నర్’ ఆధారం. రహస్యంగా పెళ్లాడి, తండ్రికి భయపడి ఆ నిజాన్ని లోకం ఎదుట ఒప్పుకోలేని సంపన్న కుమారుడి పాత్ర జగ్గయ్యది. మూడో జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ఉత్తమ తెలుగు చిత్రంగా ‘బంగారు పాప’ రాష్ట్రపతి రజత పతకం అందుకోగా, ‘అర్ధాంగి’కి యోగ్యతా పత్రం లభించింది. గుర్తింపు పొందిన రెండు చిత్రాల్లోనూ జగ్గయ్య ఉండటం విశేషం. రెండింటిలోనూ ఆయనది లోపాలున్న మనిషి పాత్రే కావడం మరో విశేషం.

ఒక లోగిలి.. ఇద్దరు కుమారులు

‘అర్ధాంగి’కి మూలం బెంగాలీ రచయిత మణిలాల్ బెనర్జీ నవల ‘స్వయంసిద్ధ’. దానిని తెలుగులోకి తెచ్చినవారు మద్దిపట్ల సూరి. చిత్రానికి సంభాషణలు సమకూర్చినవారు ఆచార్య ఆత్రేయ. అప్పటికే నాటకకర్తగా ప్రసిద్ధుడైన ఆత్రేయ సినిమా రంగానికి వచ్చి కొద్ది సంవత్సరాలే అయింది.

కథ జరిగేది జమీందారీ వ్యవస్థ బతికి ఉన్న కాలంలో. పెద్ద భార్య కన్నుమూయడంతో ఆమె కుమారుడు ఆయా చేతుల్లో పెరుగుతాడు. పిల్లవాడు ఏడవకుండా పడి ఉండాలని నల్లమందు అలవాటు చేయడంతో అతని బుద్ధి వికసించదు. సవతి తల్లికి పుట్టిన రెండో కుమారుడికి మాత్రం అడిగిందల్లా అందుతుంది. మందలించేవారు లేక అతడు విలాసాలకు అలవాటుపడతాడు, రైతులను పీడిస్తాడు. ఒక కుమారుడిని నిర్లక్ష్యం చెడగొడితే, మరొకడిని గారాబం చెడగొడుతుంది. పెద్ద కుమారుడిని చేపట్టిన పద్మ అతనికి ఓపికగా లోకం పోకడ నేర్పి మనిషిగా నిలబెడుతుంది. ఎస్టేటు బాధ్యతలు మోయగల స్థితికి తీసుకొస్తుంది. తప్పుదారి పట్టిన మరిది చివరకు తన దోషం తెలుసుకుంటాడు.

చిత్రం విడుదలయ్యే నాటికి ఆ వ్యవస్థ కాలగర్భంలో కలుస్తున్నది. మద్రాసు ప్రభుత్వం 1948లో చేసిన ఎస్టేట్ల రద్దు చట్టం జమీందారీలను రైత్వారీ పద్ధతిలోకి మార్చివేసింది. చల్లపల్లి, నూజివీడు వంటి జమీందారీల పేర్లు వింటూ పెరిగిన తరం ఇంకా నడివయసులోనే ఉంది. పన్ను కట్టలేక దివాణం ముందు చేతులు కట్టుకుని నిలబడిన రైతులూ ప్రేక్షకుల్లో ఉన్నారు. అందువల్ల తెర మీద రైతులపై నోరు పారేసుకునే చిన్న దొర వారికి కల్పిత పాత్రగా తోచలేదు. చూసి మరచిపోదామనుకున్న మనిషి మళ్లీ ఎదురైనట్లు తోచాడు.

జగ్గయ్య పనితనం ఇక్కడే కనిపిస్తుంది. అన్న అమాయకత్వం పండాలంటే తమ్ముడి కాఠిన్యం నమ్మేలా ఉండాలి. అలాగని అతడు పూర్తిగా దుర్మార్గుడైతే చివర్లో వచ్చే మార్పు అతకదు. తల్లి గారాబం చెడగొట్టిన పిల్లవాడు ఆ యువకుడిలో ఎక్కడో మిగిలి ఉన్నాడని ప్రేక్షకుడికి స్ఫురించాలి. అరుపులు, కేకలు లేకుండా నిలకడైన గొంతుతోనే అహంకారాన్ని పలికించి జగ్గయ్య ఆ సమతూకాన్ని సాధించారు. ‘దేవదాసు’ తర్వాత కీర్తి శిఖరాన ఉన్న అక్కినేని, సావిత్రి జంట ఎదుట నిలబడి కూడా కొత్త నటుడు వెలవెలపోలేదు.

తండ్రి రవికంపాడు.. కొడుకు మోరంపూడి

‘అర్ధాంగి’ తారాగణంలో ఉమ్మడి గుంటూరు జిల్లా వాటా ఎక్కువే. పద్మగా జీవించిన సావిత్రి స్వగ్రామం మంగళగిరి ప్రాంతంలోని చిర్రావూరు. జమీందారుగా నటించిన గుమ్మడి వెంకటేశ్వరరావు తెనాలి సమీపంలోని రవికంపాడు వాస్తవ్యుడు. 1927లో జన్మించిన గుమ్మడికి అప్పటికి ముప్పై ఏళ్లయినా నిండలేదు. తెర మీద ఆయనకు పెద్ద కుమారుడైన అక్కినేని వయసులో ఆయనకంటే పెద్దవాడు. చిన్న కుమారుడైన జగ్గయ్య ఇంచుమించు ఆయన ఈడువాడు. తెనాలి చేరువ పల్లెల్లో పుట్టిన ఇద్దరు యువకులు మద్రాసులో తండ్రీకొడుకులై తెలుగునాడంతటినీ నమ్మించారు. దర్శకుడు పుల్లయ్య నెల్లూరు బిడ్డ. సవతి తల్లిగా నటించిన ఆయన సతీమణి శాంతకుమారి కడప జిల్లా ప్రొద్దుటూరుకు చెందినవారు.

అరవంలో శివాజీ.. తెలుగులో ఆయన గొంతు

‘అర్ధాంగి’ విజయంతో పుల్లయ్య అదే కథను 1956లో తమిళంలో ‘పెణ్ణిన్ పెరుమై’ పేరుతో తీశారు. సావిత్రి పాత్రలో సావిత్రే నటించారు. అన్నగా జెమినీ గణేశన్, తమ్ముడిగా శివాజీ గణేశన్ కనిపించారు. తెలుగులో జగ్గయ్య పోషించిన పాత్రను తమిళనాట శివాజీ వంటి నటుడు స్వీకరించడమే ఆ పాత్ర బలానికి నిదర్శనం. హిందీలో ఈ కథ 1963లో గురుదత్, మాలా సిన్హా, ఫిరోజ్ ఖాన్ నటించిన ‘బహూరాణీ’గా వెలువడింది. దానికి దర్శకుడు తెలుగువాడైన తాతినేని ప్రకాశరావు.

ఆ తర్వాత విధి మరో ముడి వేసింది. శివాజీ గణేశన్ తమిళ చిత్రాలు తెలుగులోకి అనువాదమై వచ్చినప్పుడు ఆయనకు గాత్రదానం చేసే బాధ్యత జగ్గయ్య భుజాలపై పడింది. పాత్ర ఆవేశాన్ని క్షణక్షణం మార్చే నటుడు శివాజీ. మరొక భాషలో కదిలే ఆ పెదవులకు తెలుగు పదాన్ని సరిగ్గా కూర్చుతూ, ఊపిరిని ఊపిరికి కలపడం సామాన్యులకు సాధ్యం కాదు. తెర మీద శివాజీ కనిపిస్తుంటే, జగ్గయ్య వినిపిస్తున్నారన్న స్పృహ ప్రేక్షకుడికి కలగకపోవడమే ఆ పనికి గీటురాయి. ఒకప్పుడు తన పాత్రను పోషించిన నటుడికే తన గొంతును అరువిచ్చిన అరుదైన ఘట్టం అది.

రెండో స్థానంలో నిండుదనం

జగ్గయ్య కథానాయకుడిగా నటించని వారేమీ కాదు. కె.బి.తిలక్ దర్శకత్వంలో వచ్చిన ‘ఎమ్మెల్యే’ (1957), ‘ఉయ్యాల జంపాల’ (1965) చిత్రాల్లో నాయకుడు ఆయనే. శరత్ రచన ఆధారంగా తిలక్ తీసిన ‘ముద్దుబిడ్డ’ (1956)లోనూ మంచి పేరు తెచ్చుకున్నారు. అయితే ఆ రోజుల్లో ఎన్టీఆర్, అక్కినేని రెండు పర్వతాల్లా నిలిచి ఉన్నారు. నిర్మాతలు, పంపిణీదారులు పెట్టుబడి పెట్టేది వారి పేర్ల మీదే. ఆ పరిస్థితిలో ఎందరో యువ నటులు కనుమరుగయ్యారు. జగ్గయ్య మాత్రం నాయకుడి పక్కన ఉండే పాత్రను చిన్నచూపు చూడకుండా స్వీకరించారు.

1961లో వచ్చిన ‘వెలుగు నీడలు’లో ఆయన వైద్యుడు. క్షయ సోకిన మిత్రుడు తాను ప్రేమించిన యువతిని పెళ్లాడమని కోరితే అంగీకరించే ఉదాత్తుడు. 1964లో వచ్చిన ‘డాక్టర్ చక్రవర్తి’లో భార్యకూ మిత్రుడికీ మధ్య ఉన్న నిర్మల స్నేహాన్ని శంకించి కుమిలిపోయే భర్త. కోడూరి కౌసల్యాదేవి నవల ‘చక్రభ్రమణం’ ఆధారంగా ఆదుర్తి సుబ్బారావు తీసిన ఆ చిత్రం రాష్ట్ర ప్రభుత్వం నెలకొల్పిన నంది పురస్కారాల్లో తొలి ఉత్తమ చిత్రంగా నిలిచింది. ఈ రెండు చిత్రాల్లోనూ నాయకుడు అక్కినేని, నాయిక సావిత్రి. జగ్గయ్య పాత్ర ఒకచోట త్యాగి, మరోచోట అనుమానపు మనిషి. రెండింటిలో దేనిని తీసివేసినా కథ కూలిపోతుంది. అదే సంవత్సరం ‘ఆత్మబలం’లోనూ, ఎన్టీఆర్ నాయకుడిగా వచ్చిన ‘గుడిగంటలు’లోనూ కథను మలుపుతిప్పే పాత్రలే ఆయనకు దక్కాయి.

బుర్రిపాలెం కుర్రవాడికి అవకాశం

1962లో జగ్గయ్య నిర్మాతగా మారారు. ఉప్పు సత్యాగ్రహం నేపథ్యంలో, వి.మధుసూదనరావు దర్శకత్వంలో ‘పదండి ముందుకు’ నిర్మించారు. వినోదం కోసం సినిమాలు తీస్తే డబ్బు వచ్చే రోజుల్లో స్వాతంత్ర్యోద్యమాన్ని కథావస్తువుగా ఎంచుకోవడం బాల్యం నాటి ఆదర్శానికి చెల్లించిన బాకీ వంటిది. తెనాలి సమీపంలోని బుర్రిపాలెం నుంచి అవకాశాల కోసం మద్రాసు చేరిన ఒక యువకుడికి ఆ చిత్రంలో చిన్న వేషం లభించింది. ఆ యువకుడే తర్వాత సూపర్‌స్టార్‌గా వెలుగొందిన ఘట్టమనేని కృష్ణ.

పన్నెండేళ్ల తర్వాత, 1974లో, కృష్ణ తన నట జీవితానికే తలమానికమైన ‘అల్లూరి సీతారామరాజు’ తీశారు. మన్యం వీరుడిని ఎదుర్కొనే ఆంగ్లేయ అధికారి రూథర్‌ఫర్డ్ పాత్రకు జగ్గయ్యను ఎంచుకున్నారు. తెలుగు వెలుగును ప్రేమించిన మనిషి తెల్లదొర వేషంలో ఒదిగిపోయారు. శత్రువును గౌరవించగలిగిన అధికారిగా ఆయన చూపిన హుందాతనం వల్ల సీతారామరాజు త్యాగం మరింత ఎత్తున నిలిచింది. ‘అర్ధాంగి’లో అన్న ఉన్నతికి తమ్ముడు తోడ్పడినట్లే, ఇక్కడ నాయకుడి ఔన్నత్యానికి ప్రతినాయకుడు తోడ్పడ్డాడు.

ఒంగోలు నుంచి లోక్‌సభకు

విద్యార్థి దశలో నాటుకున్న రాజకీయ చైతన్యం జగ్గయ్యను ప్రజాజీవితంలోకి నడిపించింది. 1967 సార్వత్రిక ఎన్నికల్లో ఒంగోలు నియోజకవర్గం నుంచి కాంగ్రెస్ అభ్యర్థిగా పోటీచేసి లోక్‌సభకు ఎన్నికయ్యారు. పార్లమెంటుకు ఎన్నికైన తొలి సినీ నటుడిగా పేరు పొందారు. అప్పటికి ఒంగోలు గుంటూరు జిల్లాలో భాగం. 1970 ఫిబ్రవరిలో ఒంగోలు కేంద్రంగా కొత్త జిల్లా ఏర్పడి, తర్వాత ప్రకాశం జిల్లాగా పేరు మారింది. తన నియోజకవర్గ కేంద్రం జిల్లా కేంద్రంగా మారిన వేళ ఆయన ఎంపీగా ఉన్నారు. గడువుకు ఏడాది ముందే 1970 డిసెంబరులో ఆ లోక్‌సభ రద్దయింది.

ఎన్టీఆర్ రాజకీయ ప్రవేశానికి ఒకటిన్నర దశాబ్దం ముందే తెలుగు నటుడొకరు ఢిల్లీ గద్దె మెట్లెక్కిన సంగతి నేటి తరంలో చాలామందికి తెలియదు. ఒకనాడు అదే ఢిల్లీలో వార్తలు చదివిన గొంతు, ప్రజాప్రతినిధిగా మళ్లీ అక్కడికే చేరింది.

రవీంద్రుని వాకిట

షూటింగుల మధ్య దొరికిన విరామాన్ని జగ్గయ్య పుస్తకాలకు కేటాయించేవారు. విశ్వకవి రవీంద్రనాథ్ ఠాగూర్ ‘గీతాంజలి’ని ‘రవీంద్రగీత’గా తెలుగు చేశారు. ఠాగూర్ నాటకం ‘శాక్రిఫైస్’ను ‘బలిదానం’ పేరుతో అనువదించారు. ‘గీతాంజలి’కి తెలుగులో ఎందరో అనువాదకులు ఉన్నారు. సినీ నటుడు ఆ పనికి పూనుకోవడమే విశేషం. ద్విజేంద్రలాల్ రాయ్ నాటకంతో రంగస్థలమెక్కి, మణిలాల్ బెనర్జీ కథతో నటుడిగా నిలదొక్కుకుని, శరత్ కథలో పేరు తెచ్చుకున్న జగ్గయ్య వంగభూమికి తీర్చుకున్న రుణంగా దీనిని భావించవచ్చు. అనువాదకుడు మూలకవి వెనుక నిలబడవలసినవాడు. మరొకరి భావానికి తన భాషనిచ్చే ఆ పని, మరొకరి ముఖానికి తన గొంతునిచ్చిన కళాకారుడికి సహజంగానే అమరింది.

‘కళావాచస్పతి’ బిరుదు ఆయనను వరించింది. 1992లో భారత ప్రభుత్వం పద్మభూషణ్ పురస్కారంతో గౌరవించింది.

మిత్రుడి అక్షరాలకు కాపలా

జగ్గయ్య చేసిన పనుల్లో వెండితెర వెలుగు సోకనిది, విలువలో అన్నింటినీ మించినది మరొకటి ఉంది. ‘అర్ధాంగి’ సంభాషణల రచయిత ఆత్రేయ ఆయనకు ఆప్తమిత్రుడు. మనసు కవిగా లక్షలాది మందిని కదిలించిన ఆత్రేయ 1989 సెప్టెంబరు 13న కన్నుమూశారు. ఆయన పాటలు రికార్డుల్లో, నాటకాలు పాత ప్రతుల్లో, మిగిలినవి ఎక్కడెక్కడో చెల్లాచెదురుగా ఉన్నాయి. సినిమా పాటకు ఆయుష్షు సినిమా ఆడినంత కాలమేనని భావించే రోజుల్లో వాటిని గ్రంథస్థం చేయాలన్న ఆలోచన ఎవరికీ తట్టదు. జగ్గయ్యకు తట్టింది.

‘మనస్విని’ సంస్థ పక్షాన ఆత్రేయ రచనలన్నింటినీ సేకరింపజేసి, సంపాదకత్వం వహించి, ‘ఆత్రేయ సాహితి’ పేరుతో ఏడు సంపుటాలుగా వెలువరించారు. పాటలు, నాటకాలు, నాటికలు, కథలు ఒకచోట చేరాయి. సంపుటాల మీద పెద్ద అక్షరాల్లో ఉండేది ఆత్రేయ పేరే. జగ్గయ్య పేరు సంపాదకుడిగా మాత్రమే కనిపిస్తుంది. అప్పటికి ఆయన అరవై ఏళ్లు దాటిన మనిషి. స్వీయ కీర్తి కోసం వెచ్చించగలిగిన సమయాన్ని మిత్రుడి అక్షరాలకు కాపలాగా ఉంచారు. తెలుగు సినీ రచయితల్లో ఎందరి రచనలో జాడలేకుండా పోగా, ఆత్రేయ సాహిత్యం పరిశోధకులకు, అభిమానులకు సమగ్రంగా దొరకడానికి ఈ స్నేహమే కారణం.

తరతరాలకు స్ఫూర్తి

2004 మార్చి 5న చెన్నైలో జగ్గయ్య తుదిశ్వాస విడిచారు. అయిదు దశాబ్దాల నట ప్రస్థానం ముగిసింది. ‘అర్ధాంగి’లో ఆయనతోపాటు నటించిన వారిలో సావిత్రి 1981లోనే కన్నుమూయగా, శాంతకుమారి 2006లో, గుమ్మడి 2010లో, అక్కినేని 2014లో ఆయన వెంట నడిచారు.

నేడు పాత చిత్రాలు టెలివిజన్‌లో వచ్చినప్పుడు ఇంట్లోని పెద్దలు ఆ గొంతు వినగానే తలెత్తి చూస్తారు. తెర మీద ఎవరున్నారో చూడకుండానే జగ్గయ్య అని చెప్పేస్తారు. ఉచ్చారణ కోసం శ్రమించే యువ నటులకు, వార్తలు చదివేవారికి ఆ చిత్రాలు పాఠ్యపుస్తకాలే. మోరంపూడి నుంచి మద్రాసు వరకు, ఆకాశవాణి నుంచి పార్లమెంటు వరకు సాగిన ఆ జీవితం ఒక సత్యాన్ని చాటుతోంది. అన్న గొప్పవాడని లోకం గుర్తించడానికి తమ్ముడి పాత్ర అంతే గొప్పగా పండాలి. ఆ తమ్ముడి పాత్రను తెర మీదా, తెర వెలుపలా మనస్ఫూర్తిగా పోషించిన కళావాచస్పతి జగ్గయ్య తెలుగువారికి చిరస్మరణీయుడు.